బైపాస్ పడితే గిరాకీ ఎటు పోతుంది?

మొన్నటి సెమిస్టర్‌లో మాకు ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని ఒక ఎలెక్టివ్ ఉండింది. ఎలెక్టివ్ సంగతి తెలిసిందే కదా ఫ్రెండ్స్. పరీక్ష ముందు రాత్రి సీనియర్ల నోట్సు ఫొటోలు తెప్పించుకుని చదవడం, తెల్లారి రాసేసి మర్చిపోవడం. నేనూ అంతే. మార్కెటింగ్‌కి 4 పీలు ఉంటాయని రాశాను, మార్కులు పడ్డాయి, పుస్తకం అటక మీదికి పోయింది.

తర్వాత ఒక రోజు పొద్దున కాలేజీ బస్సు తప్పిపోయి, మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన మేం ఎప్పుడూ తినే టిఫిన్ బండి దగ్గర ఆగాను. అక్క దోశ తిప్పుతూ అడిగింది. "తమ్మీ, కొత్త రోడ్డు ఊరి ఎనక నుంచి పోతదంట గదా. అప్పుడు నా బండి కాడికి ఎవలొస్తరు?"

నాకు తెలిసిన 4 పీలూ చెప్పి చూశాను. ప్రాడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో తన పుస్తకంలో పెట్టిన లెక్క అని కూడా చెప్పాను. అక్క ఓపిగ్గా విని, "గవన్నీ నాకు తెల్వయ్ గని, బండి జరపాల్నా వద్దా? గది చెప్పు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం నెల రోజులు చదివినవీ, తిరిగి చూసినవీ కలిపి ఈ వ్యాసం. చిన్న వ్యాపారం చేసే మీ అమ్మానాన్నలకో, మీ వీధి చివర కొట్టుకో పనికొస్తే వాడుకోండి.

ముందు రోడ్డు సంగతి. మనం రోజూ బస్సులో నిద్రపోయే ఈ దారి పాత హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు. ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారిలో భాగం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేసే పథకం ఇది. రోడ్డుకి రెండు వైపులా ఉన్న వందల మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. అందువల్ల పని చాలా కాలం నడవలేదు. చెట్ల కథ ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది. మనకిక్కడ కావలసిన ముక్క ఒక్కటే. ఈ ప్లాన్‌లో మొయినాబాద్‌కీ, చేవెళ్లకీ బైపాస్‌లు ఉన్నాయి. అంటే వికారాబాద్ వైపు పోయే కారు ఊళ్ళోకి రాకుండానే దాటి పోతుంది. నడిమి ఊరి బజారులో టీ కొట్టు, పంక్చర్ షాపు, కొబ్బరిబోండాల బండి, పండ్ల తోపుడు బండి, మన అక్క పెనం – ఇవన్నీ దారిన పోయే బండ్ల మీద బతికేవే.

పుస్తకంలో మూడో పీ, అంటే 'ప్లేస్', ఒక పారాగ్రాఫ్. అక్కకి అది రోడ్డు పక్కన ఆరడుగుల నేల. ఆ నేలే ఇన్నాళ్ళూ ఆమె ప్రకటన, ఆమె ఫ్లెక్సీ, ఆమె మైకు ఆటో. రోడ్డు పక్కకి జరిగితే ఒకేసారి అవన్నీ పోతాయి.

ఇక్కడ రెండు మాటలు విడదీసుకోవాలి. మార్కెటింగ్ అంటే కొనేవాడికి ఏం కావాలో తెలుసుకుని, అది తయారుచేసి, ధర పెట్టి, వాడి చేతికి అందేలా చూసే మొత్తం పని. ప్రకటన అందులో ఒక ముక్క. డబ్బిచ్చి మన గురించి మనం చెప్పుకోవడం అది. పబ్లిక్ రిలేషన్స్ వేరు. తెలుగులో పౌర సంబంధాలు అంటాం. మాట వినగానే మనకి కలెక్టరేట్‌లో ఒక గదీ, గోడ మీద మంత్రుల ఫొటోలూ గుర్తొస్తాయి. అది ప్రభుత్వ శాఖ చేసిన ముద్ర. అసలు అర్థం చిన్నది: మనం లేని చోట మన గురించి జనం ఏం మాట్లాడుకుంటారో, ఆ మాట నిజంగా మంచిదయ్యేలా నడుచుకోవడం. మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ వాళ్ళు ఏప్రిల్ 21ని తమ దినంగా జరుపుకుంటారు. 1968లో ఆ రోజున ఢిల్లీలో మొదటి అఖిల భారత సమావేశం జరిగింది, వృత్తికి ఒక నీతి నియమావళి పెట్టుకున్నారు. ఈ రంగం మీద వరసగా పుస్తకాలు రాసి, 'పబ్లిక్ రిలేషన్స్ వాయిస్' అనే పత్రిక నడిపిన సి.వి. నరసింహారెడ్డి గారు మన హైదరాబాద్ మనిషే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సమాచార, పౌర సంబంధాల శాఖకి డైరెక్టర్‌గా పనిచేశారు.

సరే, పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచి, ఇదే రోడ్డు మీద మనకి తెలిసిన అతి గట్టి ఉదాహరణ చూద్దాం. దేవుణ్ణి మార్కెటింగ్‌తో పోలుస్తున్నావా అని ఎవరూ తిట్టొద్దు. భక్తి సంగతి భక్తిదే, నేను మాట్లాడేది మాట ఎలా ప్రయాణిస్తుంది అని మాత్రమే.

చిలుకూరు బాలాజీ గుడి మొయినాబాద్ మండలంలోనే ఉంది. మెయిన్ రోడ్డు మీద లేదు. గండిపేట చెరువు వైపు లోపలికి తిరగాలి. హుండీ లేదు. వీఐపీ దర్శనం లేదు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరాక మళ్ళీ వచ్చి 108 చేస్తారు. చేతిలో 1 నుంచి 108 దాకా అంకెలున్న చిన్న కార్డు, పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ నడిచేవాళ్ళని మనం చూస్తూనే ఉంటాం. మన క్లాసులో సగం మంది ఆ కార్డు పట్టుకున్నవాళ్ళే, బయటికి చెప్పరంతే!

ఇందులో గమనించండి. మొదటి రాక తేలిక, పావుగంటలో అయిపోతుంది. రెండోసారి వచ్చేవాడు మాత్రం పని అయ్యాకే వస్తాడు. కాబట్టి గుడిలో ఏ రోజు చూసినా సంతోషంగా తిరిగొచ్చినవాళ్ళు, ఇంకా అడగడానికి వచ్చినవాళ్ళ పక్కనే నడుస్తుంటారు. 108 తిరిగేవాడిని చూసి 11 తిరిగేవాడికి ధైర్యం వస్తుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆఫీసులో "శుక్రవారం లీవెందుకు?" అని అడిగితే "చిలుకూరు వెళ్ళాలి, వీసా వచ్చింది" అంటాడు. ఆ ఒక్క వాక్యం చాలు. 'వీసా బాలాజీ' అనే పేరు ఏ ప్రకటన ఏజెన్సీ పెట్టింది కాదు. అమెరికా కలలు కన్న మన సాఫ్ట్‌వేర్ అన్నలు, అక్కలు పెట్టుకున్నారు. జనం పెట్టిన పేరుకి బోర్డు ఖర్చు లేదు, వాడుక ఆగదు.

హుండీ లేకపోవడం కూడా ఒక మాటే. గుడి అర్చకులు సౌందరరాజన్ గారు, రంగరాజన్ గారు ఆ పద్ధతిని నమ్మకంగా చెప్పుకుంటూ వచ్చారు, 'వాక్' అనే పత్రిక కూడా నడిపారు. వ్యాపారంలోనైనా ఇంతే అనిపిస్తుంది నాకు. మనం ఏం చేస్తామో చెబితే జనం సగం వింటారు. ఏం చెయ్యమో చెప్పి, దాని మీద నిలబడితే గుర్తుపెట్టుకుంటారు. "మాడిన నూనె మళ్ళీ వాడను" అని అక్క ఎప్పుడూ బోర్డు రాయలేదు. కానీ సాయంత్రం మిగిలిన నూనె పక్కకి పారబోయడం మా హాస్టల్ మొత్తం చూసింది. మా సీనియర్లు మాకు ఆ బండి చూపించింది ఆ మాట చెప్పే.

దీనికి అవతలి వైపు చేవెళ్ల రైతుల కథ. హైదరాబాద్‌కి దగ్గర, పైగా 1996లో వచ్చిన జీవో 111 వల్ల జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలూ, పెద్ద కట్టడాలూ రాకుండా ఆంక్షలు. అందుకని ఈ మండలాల్లో కూరగాయలు, పూలు చాలా కాలం నిలిచాయి. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాయి. అక్కడ గులాబీ కట్టకి పేరు లేదు. మొయినాబాద్ గులాబీయా, షాబాద్ గులాబీయా, పెళ్ళి మండపం అలంకరించేవాడికి పట్టదు. రైతు ఎంత బాగా పండించినా ఆ మంచి మాట కమిషన్ ఏజెంటు దగ్గర ఆగిపోతుంది. అలాంటి రైతుకి ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆయన పౌర సంబంధాలన్నీ ఒకే ఒక్క మనిషితో, ఆ ఏజెంటుతో. కట్టలో లోపలి పూలు కూడా పైపూలంత తాజాగా ఉంటాయన్న పేరు అక్కడ సంపాదిస్తే చాలు.

అదే రైతు మెహిదీపట్నం రైతుబజారుకి వెళితే లెక్క మారుతుంది. 1999లో మొదలైన రైతుబజార్లలో రైతుకి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు, తను పండించింది తనే కూర్చుని అమ్ముకుంటాడు. ధర బోర్డు అందరికీ ఒకటే. మరి పక్కపక్కన పది మంది టమాటా పెట్టుకుని కూర్చుంటే, ఆంటీ ఎనిమిదో ఆయన దగ్గరికే ఎందుకు పోతుంది? నేను ఒక ఆదివారం పొద్దంతా నిలబడి చూశాను. కొసరు! కిలో తూచాక ఇంకో రెండు టమాటాలు, నాలుగు కరివేపాకు రెబ్బలు. "పచ్చిమిర్చి ఇయ్యాల బాలేదమ్మా, రేపు తీసుకో" అన్న ఒక్క మాట. తన సరుకు తనే వద్దన్నవాణ్ణి ఆమె ఇంక వదలదు. ఎంబీఏ పుస్తకాల్లో దీనికి 'కస్టమర్ రిటెన్షన్' అని పేరుంది. మన అమ్మమ్మలు కొసరు అన్నారు, అంతే తేడా.

కాబట్టి ఏ చిన్న వ్యాపారమైనా మొదట అడగాల్సింది "ఫ్లెక్సీ ఎంత సైజు వేద్దాం" అని కాదు. "నా గిరాకీ ఎవరు? ఒకసారి వచ్చి పోయేవాళ్ళా, మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళా?" అని. ఈ రోడ్డు మీద రెండు రకాలూ ఉన్నారు. ఆదివారం ఫాంహౌస్‌కో రిసార్ట్‌కో పోయే కారు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. మన హాస్టల్ వాళ్ళు, బస్సు దిగి నర్సరీల్లో పనికి పోయేవాళ్ళు, స్కూలు టీచర్లు రోజూ వస్తారు. రెండు రకాల మనుషులకీ ఒకే ప్రచారం పనికిరాదు.

అక్క బండి లెక్క ఒకటి ఊహించి వేద్దాం, ఇంజనీర్లం కదా. రోజుకి 100 ప్లేట్లు. అందులో 70 దారిన పోయేవాళ్ళవి, 30 రోజువారీ ముఖాలవి. ప్లేటుకి 12 రూపాయలు మిగిలితే రోజుకి 1200. బైపాస్ పడ్డాక 70లో 50 పోయాయనుకోండి. మిగిలేది 50 ప్లేట్లు, 600 రూపాయలు. సగం ఆదాయం. ఇప్పుడు ఆ 30 మంది వారానికి ఒక్కొక్కరు ఒక కొత్త మనిషిని తెచ్చారనుకుందాం. వారానికి 30 కొత్త ముఖాలు. పది మందిలో ఒకరు రోజువారీ అయినా వారానికి ముగ్గురు, 12 వారాల్లో 36 మంది. పోయిన 50లో 36 వెనక్కి వచ్చాయి. కాగితం మీద లెక్క ఇలా తియ్యగానే ఉంటుంది. నిజంలో పరీక్షలు, దసరా సెలవులు, వాన అన్నీ దీన్ని కొరుక్కుతింటాయి. పాత ముఖాల్లో కొన్ని తగ్గిపోతాయి కూడా. అయినా ఒక సంగతి మాత్రం ఈ లెక్కలో స్పష్టంగా కనిపించింది. 12 వారాలు పడుతుంది. అంటే రోడ్డు మారాక మొదలుపెడితే ఆ మూడు నెలలు పస్తే. దారిన పోయే ఆ 70 మంది ఇంకా వస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. ఇప్పుడు వాళ్ళని రోడ్డు ఉచితంగా తెచ్చి నిలబెడుతోంది.

ఇలా ఉచితంగా దొరికిన గుంపుని వాడుకోవడంలో మన తెలుగువాడు ఒకాయన ఎప్పుడో ఆరితేరాడు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తెలియని ఊరు, తెలియని మందు. సంగీత కచేరీలకి వెళ్ళి, వచ్చినవాళ్ళకి అమృతాంజనం ఉచితంగా పంచారని ఆయన గురించి చెప్పుకునే కథ. నాకు ఇది చాలా నచ్చింది. మూడు గంటలు కూర్చున్న జనం, తల పట్టుకునే సమయం, అప్పుడే చేతికి మందు! తర్వాత 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. వ్యాపారం డబ్బు పత్రికకి, పత్రిక గౌరవం మనిషికి. తల నొప్పి తగ్గకపోతే మాత్రం ఎన్ని కచేరీలకి తిరిగినా లాభం ఉండేది కాదు.

ఇక మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టుంటుంది. సెకండ్ ఇయర్‌లో మా ఫ్రెండ్ వాళ్ళ బంధువు ఒకాయన ఇటువైపే చిన్న బిర్యానీ సెంటర్ పెట్టాడు. ప్రేమ కొద్దీ మా రూమ్ వాళ్ళం, పక్క రూమ్ వాళ్ళం కలిసి ఒకే రాత్రి గూగుల్ మ్యాప్స్‌లో 5 స్టార్లు కుమ్మేశాం. "ప్యారడైజ్ కూడా దీని ముందు దిగదుడుపు" టైపు రివ్యూలు. మాలో సగం మంది అక్కడ తిననే లేదు. రెండు వారాలు కార్లు ఆగాయి. తిన్నవాళ్ళు, మేం రాసింది చదివి వచ్చిన ఆశతో పోల్చుకుని, నిజానికి మామూలుగా బాగున్న బిర్యానీకి 1 స్టార్ వేసి పోయారు. ఒకాయన "రివ్యూలన్నీ ఒకే రోజు పడ్డాయి చూడండి" అని స్క్రీన్‌షాట్ పెట్టాడు. మేం చేసిన సాయం వల్ల ఆయనకి అంతకు ముందు లేని చెడ్డపేరు వచ్చింది. దొంగ రివ్యూల సంగతి సరదా కాదని తర్వాత తెలిసింది. ఆన్‌లైన్ రివ్యూల కోసం బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే పెట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. టిఫిన్ బండి మీదికి ఎవరూ రాకపోవచ్చు. కానీ స్క్రీన్‌షాట్ పెట్టేవాడు మాత్రం తప్పకుండా వస్తాడు.

చెడ్డ రివ్యూ వస్తే ఏం చెయ్యాలి? గొడవపడకూడదు, బతిమాలకూడదు. ఏ రోజు, ఏం జరిగిందో అడిగి, తప్పయితే తప్పని రాసి, ఏం మార్చామో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ జవాబు కోపంగా ఉన్నవాడి కోసం కాదు, రేపు చదవబోయే వంద మంది కోసం.

ఫోన్‌తో చేసే పనులు మీకు నాకంటే బాగా తెలుసు, త్వరగా చెప్పేస్తాను. గూగుల్‌లో షాపు ప్రొఫైల్ ఉచితమే. పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, తెరిచే వేళలు, నిజమైన ఫొటోలు పెట్టాలి. షాపు జరిగితే కొత్త ప్రొఫైల్ చెయ్యకండి. పాతదానిలోనే అడ్రస్ మార్చండి, లేకపోతే సంపాదించిన రివ్యూలన్నీ పాత గోడ దగ్గరే ఉండిపోతాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక లిస్టుకి 256 మంది దాకా పోతుంది, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకి మాత్రమే. ఈ షరతుని చాలామంది ఇబ్బంది అనుకుంటారు. నాకైతే ఇది మంచి కొలబద్ద అనిపిస్తుంది. ఎంతమంది ఫోన్లలో మన పేరు ఉందో అదే మన అసలు గిరాకీ. సేవ్ చేసుకున్నవాళ్ళని కూడా రోజూ గుడ్ మార్నింగ్‌లతో చంపకూడదు. "రేపు బండి లేదు" అన్న మెసేజ్ వంద ఆఫర్ల కన్నా విలువైనది. ఖాళీ కడుపుతో నడిచొచ్చి వెనక్కి పోయినవాడు ఆ బాధ మర్చిపోడు.

ఇవన్నీ పట్టుకుని మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళాం. ముందు ఒక వారం నేనూ ఇంకో ఇద్దరం పొద్దున వంతులవారీగా నిలబడి, తినేవాళ్ళని ఒకే ప్రశ్న అడిగి నోట్‌బుక్‌లో గీతలు గీశాం. "ఎటు నుంచి వస్తున్నరు?" ఫలితం మా పొగరు దించింది. మా హాస్టల్ వాళ్ళే ఎక్కువ ఉంటారనుకున్నాం. కానీ బస్సు దిగి నర్సరీలకీ, తోటలకీ నడిచి పోయే ఆడవాళ్ళు మాకంటే ఎక్కువ. వాళ్ళకి బైపాస్‌తో పని లేదు, బస్టాపుతోనే పని. అంటే బండి రోడ్డు వెంట పోవాల్సిన అవసరం లేదు. బస్టాపు ఎటుపోతే అటు పోవాలి. అది చెప్పగానే అక్క "గదే నేను అనుకున్న, మీరు లెక్కలు జేసి చెప్పిన్రు" అని నవ్వింది. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి వాట్సాప్ పక్కన పెట్టి, పొద్దున ఏడింటి లోపు వచ్చేవాళ్ళకి వాళ్ళ డబ్బాలోనే ఉప్మా కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ ఆలోచన మాది కాదు, అక్కదే.

మిగిలింది పేరు. బోర్డు మీద దేవుడి పేరుతో ఏదో టిఫిన్ సెంటర్ అని ఉంది, అది ఎవరికీ గుర్తులేదు. అందరూ అనేది 'మర్రిచెట్టు బండి'. రేపు బండి బస్టాపు వైపు జరిగితే అక్కడ చెట్టు లేదు. జనం పెట్టిన పేరు వదలొద్దని చిలుకూరు కథంతా చెప్పాను. అక్క కాసేపు ఆలోచించి, "చెట్టు లేని కాడ చెట్టు పేరు పెడితే నవ్వరా తమ్మీ?" అంది. పక్కన ప్లేటు కడుగుతున్న వాళ్ళ పాప వెంటనే, "బోర్డు మీద చెట్టు బొమ్మ ఏయించు" అంది. పెయింటర్ అన్న బొమ్మకి 400 ఎక్కువ అడుగుతున్నాడు. బేరం ఇంకా నడుస్తోంది.